పాత కారు - క్రొత్త ప్రబంధము

1959వ సంవత్సరములో కాలిఫోర్నియాలోని ఒక బడిపిల్లవాడు పాతకార్లు అమ్ముచోటికి పోయి, 500 డాలర్లు చెల్లించి, ఒక కారును కొనెను. అది 1951 నాటి మెర్క్యురీ. కాని కర్మాగారమునుండి వెలువడిన మెర్క్యురీకిని, ఆ పిల్లవాడు కొన్నదానికిని పోలిక స్వల్పము. దాని పైకప్పు కోయబడి క్రిందికి దింపబడినది. ప్రక్క అద్దముల నడుమనుండు కంబములు తొలగింపబడినవి. ప్రక్కగా పారెడి తళుకుపట్టీ బ్యూయిక్ కారునుండి తెచ్చినది; వెనుకదీపములు లింకన్ కారువి. ఏడేండ్ల క్రితము జార్జి బారిస్, శామ్ బారిస్ అను సోదరులు తమ షెడ్డులో బాబ్ హిరోహాటా అను యువకుని కొరకు దానిని అట్లు మార్చిరి. 1952లో లాస్ ఏంజిలిస్ ప్రదర్శనలో లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ రంగులతో అది నిలిచినప్పుడు చూచినవారు చూచినట్లే నిలిచిపోయిరి. ఏడేండ్లు గడచునప్పటికి ఆ వైభవము తీరి, అది పాతసరకులలో చేరినది.

ఆ పిల్లవాడు దానిమీదనే బడికి పోయి వచ్చుచుండెను. కొన్నియేండ్లకు దానిని షెడ్డులో పెట్టివేసెను, అమ్మివేయలేదు. దాదాపు పాతికయేండ్లు అది అట్లే పడియుండెను. నడివయస్సు వచ్చిన పిదప దానిని వెలికితీసి, ఏండ్లతరబడి శ్రమించి, 1952లో ఎట్లుండెనో అట్లు చేసికొనెను. 2015లో పెబుల్ బీచ్ ప్రదర్శనలో అది తన తరగతిలో ప్రథమ బహుమానము పొందినది. 2017లో అమెరికా జాతీయ చారిత్రక వాహన పట్టికలో చేరినది. 2022 జనవరిలో ఫ్లోరిడాలో జరిగిన వేలములో 21 లక్షల డాలర్లకు పైగా ధర పలికినది. అప్పటికి ఆ బడిపిల్లవాడు లోకములో లేడు.

ఈ కథలోని అంకెను చూచి ఆశ్చర్యపడువారు పడవచ్చును. అంకెకంటె విచారింపదగినది వేరొకటి కలదు. అమెరికాలో అరువదియేండ్లు దాటినవారనేకులు తమ పదునేడవయేట వీధిలో చూచిన, తమకప్పుడు దక్కని, ఒకానొక కారును ఇప్పుడు తమ చేతులతోనో పరుల చేతులతోనో కట్టుకొనుచున్నారు. పాతకారును కొని తుడిచిపెట్టుకొనుట కాదిది. దానిని కోసి, అతికి, ఇంజను మార్చి, రంగు మార్చి, లోకములో మరియొకటి లేనిదానిని పుట్టించుట. దీనిని గూర్చి రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఇది ముసలివారి బొమ్మలాట యని కొందరు. పురాతనవస్తువును చెరచు అపచారమని మరికొందరు. తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి ఈ తగవు క్రొత్తది కాదు. పేరులు మాత్రమే వేరు.

ఈ విద్య సంపన్నుల వేడుకగా పుట్టలేదు. లేమిలో పుట్టినది. హెన్రీ ఫోర్డు 1908 మొదలు 1927 వరకు మోడల్ టీ కార్లను కోటి యేబది లక్షలకు పైగా తయారుచేసెను. అవి పాతబడినకొలది చవుకగా దొరకెను. క్రొత్తకారు కొనలేని కుర్రవాండ్రు వాటిని కొని, బరువు తగ్గించుటకై మడ్గార్డులు విప్పి, బానెట్టు విప్పి, దక్షిణ కాలిఫోర్నియాలోని మ్యూరాక్ వంటి ఎండిన చెరువు మైదానములలో పరుగు తీయించిరి. 1932లో ఫోర్డు సంస్థ 65 గుఱ్ఱముల శక్తిగల వీ-ఎనిమిది ఇంజనును సామాన్యునికి అందుబాటైన కారులో పెట్టుటతో వారికి పండుగయైనది. 1937లో ఆ పందెములకు కాలము కొలుచు సంఘ మేర్పడినది. యుద్ధము ముగిసి సైన్యమునుండి తిరిగివచ్చిన యువకులకు వెల్డింగు వచ్చును, ఇంజను విప్పుట వచ్చును, చేతిలో కొంచెము సొమ్ము కూడ కలదు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అను పేరుతో ఒక పత్రిక వెలువడినది. పరుగుకొరకు కారును మార్చువారు ఒక త్రోవను, అందముకొరకు మార్చువారు మరియొక త్రోవను పట్టిరి. హిరోహాటా మెర్క్యురీ ఈ రెండవ త్రోవకు చెందినది. జార్జి బారిస్ తన విద్య పేరైన 'కస్టమ్' అను ఆంగ్లపదమునుగూడ మొదటి అక్షరము మార్చి వ్రాసెడివాడు. కారును కోసినవాడు పదమును మాత్రము విడుచునా!

అందముకొరకు కోయుట యనగా సులభముగా తోచును. కాని కొంచెము నిలిచి చూచినచో అందలి కష్టము తెలియును. కారు పైకప్పును నాలుగంగుళములు తగ్గింపవలెననుకొందము. కంబములలో నాలుగంగుళముల ముక్కను కోసి తీసివేసి, పైభాగమును క్రిందికి దింపినచో పని ముగిసెనని మనకు తోచును. ముగియదు. కారు కంబములు నిట్టనిలువుగా నుండవు. పైకి పోయినకొలది లోనికి వంగియుండును. కావున పైభాగమును దింపగానే దాని మొనలు క్రింది మొనలకు అందక లోపలివైపు నిలిచిపోవును. కప్పును నాలుగు ముక్కలుగా కోసి, నడుమ రేకు చేర్చి, పెంచవలెను. లేదా కంబములనే వంచి కూర్పవలెను. వెనుక అద్దపు వంపు వేరు, ముందు అద్దపు వాలు వేరు, అద్దములనుగూడ కోయవలెను. కోయునపుడు ఒకటి పగిలినచో మరల మొదలు. ఇక అతుకు. వెల్డింగు వేడికి పలుచని రేకు ఉబ్బి అలలు దేరును. తడిగుడ్డతో చల్లార్చుచు, లోన ఇనుపదిమ్మ నొత్తిపట్టి పైన సుత్తితో తట్టుచు దానిని సమము చేయవలెను. అతుకుమీద సీసమును కరగించి, కొయ్యతెడ్డుతో పూసి, ఆకురాయితో అరగదీసినపిమ్మట అచ్చట అతుకున్నదని చేతికిగూడ తెలియరాదు. సీసపు పొడి ప్రాణమునకు హాని యని ఆనాటివారిలో పలువురు లెక్కచేయలేదు. నేడు దాని స్థానమున ప్లాస్టిక్ పూత వాడుచున్నారు; పాతపద్ధతి విడువనివారు ముఖమునకు మూతులు కట్టుకొని సీసమే పోయుచున్నారు.

ఇంత శ్రమయు దేనికి? అతుకు కనబడకుండుటకు. చూచినవాడు 'ఇది ఇట్లే పుట్టినది' అనుకొనుటకు. 1963లో టామ్ వుల్ఫ్ అను అమెరికా రచయిత ఈ షెడ్లు తిరిగి చూచి, వీరిని శిల్పుల పంక్తిలో కూర్చుండబెట్టి వ్రాసినప్పుడు నాగరికులు కొందరు నవ్విరి. నవ్వవలసిన పనిలేదు. అతుకు కనబడని అతుకును రచనలో కోరువారు రేకులో మాత్రమేల కాదనవలెను?

ఇక ఆక్షేపణకు వత్తము. పాతకార్లను ప్రేమించువారిలో జీర్ణోద్ధారకులు వేరొక తెగ. కారు కర్మాగారమునుండి వెలువడిననాడు ఏ మరకు ఏ తల యుండెనో, సీటు కుట్టు అంగుళమునకెన్నియో, దానినే మరల నెలకొల్పవలెనని వారి పట్టుదల. 1950లో మొదలైన పెబుల్ బీచ్ ప్రదర్శన అట్టివారి కాశి. కోసిన కార్లకు అచ్చట 1997 వరకు ప్రవేశమే లేకుండెను. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఒకసారి కోసిన రేకు మరల కోయనిది కాదు. అరుదైన కార్లెన్నియో కుర్రవాండ్ర రంపమునకు ఆహుతియై పోయినవి. నేడు వాటి రూపమును ఛాయాచిత్రములలో వెదకికొనవలసియున్నది.

ఈ జీర్ణోద్ధారకులు చేయు పని మన సాహిత్యములో చార్లెస్ ఫిలిప్ బ్రౌను చేసిన పనికి దగ్గరిది. ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, పాఠములు పోల్చి, లేఖకుల తప్పులు దిద్దించి, కవి వ్రాసినది ఏదియో దానిని నిలుపుటకు ఆయన తన సొమ్మును ధారపోసెను. అట్టివారు లేనిచో చదువుటకే ఏమియు మిగులకుండెడిది. కాని పరిష్కర్త పని పరిష్కర్తది. కవి పని కవిది. అల్లసాని పెద్దన మార్కండేయపురాణములోని స్వారోచిషమనుసంభవ కథను తీసికొనెను. దానిని అంతకుముందే మారన తెలుగు చేసియుండెను. కథయే కావలసినచో మారన చాలును. పెద్దన చట్రము నట్లేయుంచి, ఒడలంతయు మార్చెను. రామరాజభూషణుడు మహాభారతము ఆదిపర్వములోని ఉపరిచర వసువు కథను, అందు కొలది పద్యములలో ముగిసినదానిని, వసుచరిత్రముగా పెంచెను. ఆనాడు పురాణమును చెరచిరని వీరిపై నింద మోపినవాడుండినచో, ఆ నింద నిజమే యగును; పనికిమాలినదియు నగును.

అయినను ఈ పోలికలో ఒక మెలిక కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పెద్దన మనుచరిత్రము వ్రాసినందువలన మారన పుస్తకమునకు ఏ లోపమును కలుగలేదు. అది నేటికిని కలదు. బారిస్ సోదరులు కోసిన మెర్క్యురీ మరల మెర్క్యురీ కాజాలదు. కవికి మూలము తరుగదు, పనివానికి తరుగును. కావుననే ఇచ్చట వివేకము కావలెను. 1951 నాటి మెర్క్యురీలు లక్షల సంఖ్యలో తయారైనవి. అందొకటి కోయబడినను నష్టము లేదు. పదియో పన్నెండో మిగిలిన కారును కోయువాడు శిల్పి కాడు; ఉన్న ఒక్క తాటాకు ప్రతిమీద తన పద్యము వ్రాసికొన్నవాడు. నేడు ఈ చిక్కుకు ఒక పరిష్కారము దొరకినది. 1932 నాటి ఫోర్డు ఒడలిని, ఆ కొలతలతోనే, క్రొత్తరేకుతో తయారుచేసి అమ్మువారు అమెరికాలో ఉన్నారు. 1932 నాటి మర ఒక్కటియు లేకుండ 1932 నాటి కారును కట్టవచ్చును. పాతదానిని చెరచితివన్న నింద ఇచ్చట తగులదు. అది పాతదేనా యన్న ప్రశ్నకు మాత్రము కట్టినవాడే తలవంచుకొనును.

మొదట చెప్పిన కథలోని చోద్యము ఇప్పుడు స్పష్టమగును. మెర్క్యురీని మార్చి చేసిన ఆ కారును, దాని యజమాని మరల మార్చలేదు. కోసినవారి రంగు ఏదియో, ఆ రంగే వేయించెను. వారి అతుకు ఎచ్చటనో, అచ్చటనే నిలిపెను. మార్పే మూలమైనది. వసుచరిత్రమునకు బ్రౌను జూలూరి అప్పయ్య పండితునిచేత వ్యాఖ్యానము వ్రాయించినప్పుడు, ఇది భారతకథకు వచ్చిన మార్పుకదా యని అప్పయ్య ఒక్క అక్షరమునైనను స్వేచ్ఛగా దిద్దుకొనలేదు. పాఠాంతరములు చూచుకొనెను. నిన్నటి సాహసమునకు నేడు కాపలా కావలసి వచ్చుచున్నది.

యౌవనస్మృతి యను మాట ఇంతవరకు తేలికగా వాడబడినది. దానిని నమ్మవచ్చునా? జార్జి లూకస్ అను సినిమా దర్శకుడు కాలిఫోర్నియాలోని మొడెస్టో ఊరిలో పెరిగెను. 1962 జూనులో, ఉన్నతపాఠశాల చదువు ముగియుటకు కొలదిదినములు ముందు, తన చిన్న ఇటాలియన్ కారులో పోవుచు ఘోరప్రమాదమునకు గురియై చావు తప్పించుకొనెను. పదునొకండేండ్లకు, 1973లో, 'అమెరికన్ గ్రాఫిటీ' అను చిత్రము తీసెను. కథ జరుగునది మొడెస్టోలో, 1962లోనే, ఒక్క రాత్రిలో. కాని ఆ చిత్రమును చూచినవారు నేటికిని మరువనిది ఇటాలియన్ కారును కాదు. 1932 నాటి పసుపుపచ్చని ఫోర్డును. అది ఈ చిత్రము కొరకు ఒక పాతకారును కొని, మార్చి, రంగు వేయించి సిద్ధము చేసినది. ఆ పిదప అట్టి పసుపు ఫోర్డులను కట్టుకొన్నవారు పలువురు. వారిలో కొందరు 1962 నాటికి పుట్టియుండనుగూడ లేదు. తన యౌవనములో మనిషికి ఉండినది ఒకటి. వీధిలో పోవుచుండగా అతడు కన్నార్పక చూచినది వేరొకటి. స్మృతి రెండవదానినే పట్టుకొనును.

కట్టెడివాని షెడ్డులోనికి తొంగిచూచినను ఇదే కానవచ్చును. పైకి 1950 నాటి ఆకారము. క్రింద డిస్కు బ్రేకులు, ముందునకొక నడుముపట్టీ, చలియంత్రము, నమ్మకమైన క్రొత్త ఇంజను. ఆనాటి కార్లలో నడుముపట్టీలు లేవు. స్టీరింగు కంబము గుద్దుకొన్నచో ఎదురురొమ్మునకు ఈటెవలె వచ్చెడిది. వానలో డ్రమ్ము బ్రేకులు పట్టుట పట్టకపోవుట దైవాధీనము. వీటి నెవ్వడును మరల కోరుకొనడు. ఇది మోసమని కొందరందురు. కాదు. జ్ఞాపకము ఎప్పుడును చేయు పనినే ఇతడు ఇనుముతో చేయుచున్నాడు: రూపము నుంచుకొని బాధను విడుచుట. తప్పు ఎప్పుడు కలుగుననగా, దీనిని చూపి 'ఆ రోజులే వేరు, అప్పటి వస్తువులే వస్తువులు' అని మనుమనికి పాఠము చెప్ప మొదలిడినప్పుడు. ఆ పాఠములో నిజముండదు. క్రింద దాచిన బ్రేకులే దానికి సాక్ష్యము.

సొమ్ముతో చేయించువాని సంగతి యేమి? 1989లో బిల్లీ గిబన్స్ అను గాయకుని కొరకు 1948 నాటి క్యాడిలాక్‌ను కోసి కట్టిన 'క్యాడ్‌జిల్లా' అందమైనదనుటలో సందేహము లేదు. గీసినవాడు లారీ ఎరిక్సన్, కట్టించినది బాయిడ్ కాడింగ్టన్ షెడ్డు. రాజుండి కవి యుండుట మన ప్రబంధముల కథయే. కాని మెర్క్యురీని రేకురేకుగా దిద్దుకొన్న ఆ బడిపిల్లవానికిని, చెక్కు వ్రాసి తాళపుచెవి పుచ్చుకొన్నవానికిని దొరకు వస్తువు ఒకటి కాదు. మొదటివాడు కారుతోబాటు తన చేతిని గూడ సంపాదించుకొనెను.

ఈ జ్ఞాపకములు ఒక్క తెగవారి సొత్తు కావు. తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని మెక్సికన్ సంతతివారు పరుగును కోరలేదు. మెల్లగా, నేలకు ఆనినట్లు, అందరును చూచునట్లు పోవు కార్లను కోరిరి. చక్రపు అంచుకంటె ఒడలు క్రిందికి దిగరాదని కాలిఫోర్నియా 1958లో శాసనము చేసినది. రాన్ అగిర్రే అను యువకుడు విమానముల పాతసామగ్రిలోని పంపులు తెచ్చి తన కారునకు బిగించెను. పోలీసువాడు కనబడగానే కారు పైకి లేచును, పోగానే దిగును. 1964 నాటి ఇంపాలాపై గులాబీలు చిత్రించిన 'జిప్సీ రోజ్' కూడ 2017లో ఆ జాతీయ పట్టికలో చేరినది. ఆ నిషేధములు కాలిఫోర్నియా అంతట తొలగినది 2024 జనవరినుండి మాత్రమే.

మన దేశములో న్యాయము మరియొక విధముగా నున్నది. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిపరచినది. 2021 జులైలో ఏబదియేండ్లు దాటిన పురాతనవాహనముల కొరకు ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. చాసిస్, ఒడలు, ఇంజను మారక మూలరూపములో నున్నవాటికే ఆ గౌరవము. రోడ్డుమీద పోవు వారి ప్రాణములు ముఖ్యము. నేర్పులేనివాని వెల్డింగునకు అనుమతి యీయకుండుట మంచిదే. కాని ఇందు పరిష్కర్తకు పీట యున్నది, కవికి లేదు. నేర్పుగలవాని పనిని పరీక్షించి, నిలిచినదానిని అంగీకరించు త్రోవ యొకటి యుండినచో బాగుండెడిది. ఎందుకనగా చేతులు ఇచ్చట కలవు. విజయవాడ ఆటోనగరునకు కర్మాగారమునుండి లారీ చాసిస్ వట్టిగా వచ్చును. దానిపై బాడీ కట్టుట, రేకు మలచుట, పూలు పక్షులు చిత్రించుట అచ్చటి పనివారి విద్య. టింకరింగు చేయు పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు నలిగిన తలుపును సుత్తితో తట్టి తట్టి అద్దమువలె చేయుట చూచినవారు, బారిస్ షెడ్డులో ఏమి జరిగెనో వేరుగా ఊహింపనక్కరలేదు. అతని బడిలో చదువు రానివాడని మాత్రమే అతనికి పేరు వచ్చియుండును.

ఉత్తరపాడాలో 1958 ప్రాంతమున మొదలైన అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగినది. ఆ యేట వెలువడిన చివరి బండ్లకు 2064లో ఏబదియేండ్లు నిండును. నేడు ఆరవతరగతి బల్లమీద కూర్చున్న బాలునికి కూడ అప్పటికి ఇంచుమించు అంతే వయస్సుండును. అతడు ఏ బండిని తలచుకొనునో, బడి వదలిన వేళ వీధిమలుపులో దేనిని కన్నార్పక చూచుచున్నాడో, ఇంటికి పోవునప్పుడు ఆగి ఏ షెడ్డుముందు నిలుచుచున్నాడో అతని ఉపాధ్యాయుడు ఎన్నడైనను అడిగియుండునా?